రాజేశం సేటు పథ్యం

పటాన్‌చెరులో కిరాణా దుకాణం నడిపే రాజేశం సేటుకు ప్రాణమంటే మహా తీపి. వాళ్ల నాయన యాభై రెండో ఏట గుండె పట్టుకుని, గల్లా ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పంతొమ్మిదివందల డెబ్బై నాలుగులో రాజేశానికి యాభై ఒకటి నిండింది. మెట్లెక్కితే ఆయాసం రాగానే హడలిపోయి, ఫ్యాక్టరీ కాలనీ దగ్గర దవాఖాన పెట్టిన కోస్తా డాక్టరు సూర్యప్రకాశరావును చూడబోయాడు.

"మీ రక్తంలో కొలెస్ట్రాల్ అనే కొవ్వు పేరుకుందండీ. మూడువందల పది ఉంది. నెయ్యి, వేపుళ్లు మానెయ్యండి, రోజూ మూడు మైళ్లు నడవండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నాడు డాక్టరు.

రాజేశం ఇంటికొచ్చి భార్య రుక్మిణిని పిలిచాడు. ఆ ఇంట్లో మొక్కేది ఆయన, చెల్లించేది ఆమె. ఆయన పంటినొప్పికి ఆమె శనివారాలు ఉపవాసం ఉంది. ఆయన దుకాణం లైసెన్సు కోసం ఆమె నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసింది. నొప్పీ తగ్గింది, లైసెన్సూ వచ్చింది. మరి కొలెస్ట్రాల్ మాత్రం ఎందుకు తగ్గదు?

"రేపటి సంది నువ్వు నెయ్యి ముట్టకు. పొద్దుగాల్నే బీరంగూడ దిక్కు మూడు మైళ్లు నడువు" అన్నాడు.

"డాక్టరు నన్ను నడువుమన్నడా?"

"నువ్వు నడిస్తే ఒకటి, నేను నడిస్తే ఒకటా? పసుపుకుంకుమలు నీయే గద."

ఆ మాట వచ్చాక ఏ ఇల్లాలు నోరు మెదుపుతుంది? రుక్మిణి చప్పిడి కూడు తింటూ, కంపెనీ బస్సులు లేపే దుమ్ములో నడిచింది. ఆమె వాటా నెయ్యి వృథా కాకూడదని రాజేశమే పప్పులో పోసుకున్నాడు. కాళ్లు పీకి ఆమె మూలుగుతుంటే, మొక్కు గట్టిగానే పడుతోందని తృప్తిపడి అటు తిరిగి పడుకునేవాడు. సిగ్గులేని మనిషి, ఇంకేమనాలి.

మూడు నెలలకు రుక్మిణి మోకాళ్ల నొప్పులు పోయాయి, ఒళ్లు తేలికపడింది. రాజేశం లెక్క మూడువందల అరవైకి చేరింది. డాక్టరు ముందే పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు రాజేశం.

"దొంగతనంగ నెయ్యి తిన్నవానే? భక్తి లేకుంట నడిస్తే గిట్లనే అయితది."

సంగతి అర్థం కావడానికి డాక్టరుకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన నవ్వలేదు.

"అమ్మా, మీరు చేసింది మీ ఒంటికి పట్టింది. ఆయన ఒంటికి పట్టాలంటే ఆయనే చెయ్యాలి. లేకపోతే వాళ్ల నాన్నగారి వయసు దాటరు."

రాజేశం లేచి డాక్టరు చేతులు పట్టుకున్నాడు. ఆ భయం చూసి రుక్మిణికి జాలేసింది కూడా.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. అరమైలు దాటకుండానే రాజేశం రోడ్డు పక్క రాయి మీద చతికిలబడ్డాడు.

"నాతోని కాదే. ఇయ్యాల్టికి నా వంతు గూడ నువ్వే నడిచి రా."

రుక్మిణి ఆగి, కొంగు నడుముకు బిగించుకుంది. ఆమెకు కోపం కూడా రాలేదు.

"సరే తీయుండ్రి. మీ వంతు నేనే నడుస్త. మీ వంతు బతుకుడు గూడ నేనే బతుకుత" అని ముందుకు సాగింది.

ఆమె మలుపు దాకా పోయినా వెనక్కి తిరిగి చూడలేదు. రాజేశం కండువాతో మొహం తుడుచుకుని, రాయి మీంచి లేచి ఆమె వెనకే నడక మొదలుపెట్టాడు.