బ్రెమెన్ సాక్ష్యం

పెళ్లయి యాభై ఏళ్లు నిండిన రోజున జ్ఞానవతి భర్తను కోరింది ఒక్కటే. మధ్యాహ్నం జరిగే కృతజ్ఞత కూడికలో ఆయన దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యం చెప్పేటప్పుడు విండ్సర్ సంగతి చెప్పాలి. కెనడా వచ్చిన కొత్తలో విండ్సర్ ఊళ్లో కార్ల ఫ్యాక్టరీలో ఆయన పని పోయి, నడుము పట్టేసి మంచాన పడితే, ఎనిమిదేళ్లు వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించి ఇల్లు నడిపింది ఆమె. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట నలుగురిలో ఒక్కసారీ రాలేదు.

“చెప్తాలే జ్ఞానం,” అన్నారు సంతోషం గారు టై ముడి వేసుకుంటూ. “బ్రెమెన్ రెండు ముక్కలు చెప్పి, నేరుగా విండ్సర్‌కు వచ్చేస్తా.”

“మీ రెండు ముక్కలు నేనెరగనివా? పోయిన ఈస్టరుకు ఆ రెండు ముక్కలయ్యేసరికి బిర్యానీ రాయైపోయింది.”

మనవడు ఆరన్ ఫోన్‌లోంచి తలెత్తాడు. “తాతా, ప్లీజ్! నాట్ ద జర్మన్ షో ఎగైన్.”

“షో కాదురా, చరిత్ర!” అన్నారాయన.

“ఇంకేం, ఇవాళా తప్పదు,” అనుకుంటూ జ్ఞానవతి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఇప్పుడు వాళ్లుంటున్న ఒషావాలో ఒక ఇంగ్లీషు చర్చి బేస్‌మెంట్‌ను తెలుగువాళ్లు శనివారాలకు అద్దెకు తీసుకుంటారు. నాలుగు గంటలకల్లా ఖాళీ చేయాలి. కూతురు ఏనీ బిర్యానీ గిన్నెలు బల్ల మీద సర్దించింది. రెండు పాటలయ్యాక పాస్టర్ దీపక్ గారు మైకు అందిస్తూ, “పది నిమిషాలు అంకుల్,” అని చెవిలో చెప్పారు.

“ప్రభువు నామంలో వందనాలు,” అని సంతోషం గారు మొదలుపెట్టారు. “పందొమ్మిది వందల అరవై ఆరులో మన గూడూరు మిషన్ వాళ్లు నన్ను వడ్రంగం నేర్చుకోమని జర్మనీ పంపించారు. బ్రెమెన్ ఊరు. అక్కడి టీవీ వాళ్లు అంతకు ముందు ఏడాదే, సెప్టెంబరు ఇరవై ఐదున, ‘బీట్ క్లబ్’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. గిటార్లు, డ్రమ్ములు. కుర్రకారు పాటలకు జర్మనీలో అంతవరకూ అలాంటిది లేదు.”

తేదీతో సహా వచ్చేసింది. జ్ఞానవతి గోడ గడియారం చూసింది.

“మొదటి రోజు టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన తెరమీదికొచ్చి, ఈ సంగీతం నచ్చని పెద్దలు మమ్మల్ని అర్థం చేసుకోవాలి అని ముందే వేడుకున్నాడంట. అంత మర్యాద!”

యాభై ఏళ్లుగా వింటున్న తనను ఇంతవరకూ ఎవరూ వేడుకోలేదు కదా అనుకుంది జ్ఞానవతి.

ఆయన సాగిపోతూనే ఉన్నారు. నెలకొక శనివారం ఆ ప్రసారం వచ్చేది. ఈయన ఉన్న హాస్టల్ పెద్దాయన అది సాతాను సంగీతమని తిట్టిపోసేవాడు. ఆ పూట మాత్రం కుర్రాళ్లంతా టీవీ ఉన్న ఇల్లు వెతుక్కుని చేరేవారు. ఒకసారి ఈయనకూ స్టూడియోలోకి ప్రవేశం దొరికింది. ఇటుక గోడ ముందు పాడేవాళ్లు పాడుతుంటే, ఒక జర్మను పిల్ల ఈయన చెయ్యి పట్టుకుని డాన్సులోకి లాగింది.

“మా ఊళ్లో బావి దగ్గర నా నీడ పడితేనే తిట్టేవాళ్లు,” అన్నారు. గొంతు కొంచెం తగ్గింది. “అక్కడ ఆ పిల్ల నా పేరైనా అడగలేదు. చెయ్యి పట్టుకుంది.”

ఆ ముక్క దగ్గర జ్ఞానవతికి ఎప్పుడూ కోపం ఆగిపోతుంది. ఇవాళా ఆగింది. ఇక్కడితో ఆపి విండ్సర్‌కు వస్తే చాలు, అన్నీ మరిచిపోదామనుకుంది.

ఆయన ఆపలేదు. అరవై తొమ్మిది చివర్లో కార్యక్రమం రంగుల్లోకి మారింది. తెర మీద ఆకారాలు సాగదీసి చూపే మాయలు వచ్చాయి. పాటలు పొడుగయ్యాయి. వెనక బెంచీలోంచి ఎవరో లేచి బిర్యానీ గిన్నె మూత తీసి చూసి మళ్లీ పెట్టేశారు. పాస్టర్ గారు వాచీ మీద వేలు పెట్టి చూపించారు.

“డెబ్బై రెండు డిసెంబరులో అయిపోయింది,” అన్నారు సంతోషం గారు, ఎవరో పోయినట్టు. “తర్వాత నాకు పెళ్లయింది, కెనడా వచ్చాం, దేవుడు నడిపించాడు. వందనాలు.”

అంతే. విండ్సర్ ఊరి పేరైనా రాలేదు.

భర్త సాక్ష్యం అయ్యాక భార్య లేచి, “ఆయన చెప్పిందే నా సాక్ష్యం కూడా,” అని కూర్చోవడం వాళ్ల వాడుక. జ్ఞానవతి యాభై ఏళ్లూ అలాగే అంటూ వచ్చింది. ఆ లెక్కన ఆ డాన్సు కూడా ఆమెదే. ఇప్పుడు మైకు చేతికి రాగానే లేచింది.

“ఆయన చెప్పింది నా సాక్ష్యం కాదు,” అంది.

బెంచీలు కిర్రుమన్నాయి. “అమ్మా!” అంది ఏనీ నెమ్మదిగా.

“నువ్వుండు. ఏమండీ, బ్రెమెన్ తేదీలన్నీ మీకు నోటికొచ్చు కదా. విండ్సర్‌లో నేను పనిలో చేరింది ఏ సంవత్సరం?”

“ఎనభై... మూడా?”

“ఎనభై రెండు. ఏనీకి ఆరు నెలలు. లైసెన్సు లేదు, బస్సు మన వీధికి రాదు. మంచులో నడిచిపోయేదాన్ని. ముసలివాళ్లను ఎత్తి ఎత్తి వీపు కదిలేది కాదు. ఇంటికొచ్చి మీ నడుముకు నూనె రాసేదాన్ని. దేవుడు నడిపించిన మాట నిజమే. కానీ ఆ రోడ్డు మీద నడిచింది నేను.”

ఆరన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సంతోషం గారు తలవంచుకున్నారు. మైకు లేకుండానే, “ఏ నెల జ్ఞానం?” అన్నారు.

“ఇప్పుడడుగుతున్నారా? నలభై మూడేళ్లయ్యాక?”

“ఇప్పుడే అడుగుతున్నా. చెప్పు.”

“నవంబరు,” అంది ఆమె. “రెండో తారీకు, మంగళవారం.” చిరాకుగా మైకును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. “మొదటి రోజు స్నానం చేయించమని నాకప్పజెప్పింది మిసెస్ కార్టర్ అని, తొంభై ఏళ్లావిడ...”

మూడున్నర దాటింది. పాస్టర్ గారు ముగింపు ప్రార్థనకు లేవబోయారు.

“కూర్చోండి అయ్యగారూ,” అంది జ్ఞానవతి. “మనమింకా విండ్సర్‌లోనే ఉన్నాం.”