నెమ్మదిగా వాయించిన ఇంగ్లీషావిడ

కృత్తివెన్నులో సత్యానందం గారు కాఫీ తాగాక రికార్డు పెడతారు. ఎప్పుడో యూరప్‌లో ఎవరో రాస్తే, తర్వాత ఎవరూ పట్టించుకోని పియానో కాన్సర్టో అది. పేరున్నవాళ్ళవి వినడానికి లోకమంతా ఉంది, దిక్కులేనివాటిని మనం చూసుకుందాం అని బందరులో బి.ఏ. చదివేటప్పుడు ఆయనా, చలపతిరావు గారూ అనుకున్నారు. అప్పట్లో చర్చి పియానోకి ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టి సగం మెట్లు పలికేవి కావు. అది వేరే కథ.

ఈయన దగ్గరున్న రికార్డు ఓ హంగరీ ఆయన వాయించింది, ఒకటే పరుగు. గుడివాడలో చలపతిరావు గారి దగ్గరున్నది అదే పాట ఓ ఇంగ్లీషావిడ వాయించింది, మహా నింపాది. అవి వినబడినంత మేర కాగేవీ, కరిగేవీ, పులిసేవీ, పాకేవీ ఆ వేగంతోనే నడుస్తాయి. అందుకే ఇక్కడ పిండి పులవకపోతే ఆడవాళ్ళు గిన్నెలు తెచ్చి సత్యానందం గారి అరుగు మీద పెట్టేవారు. అక్కడ చేపలమ్మేవాళ్ళు ఐసు కరక్కుండా బుట్టలు చలపతిరావు గారి గుమ్మంలో దింపేవారు.

ఏ వాయింపు గొప్పదన్న దగ్గర స్నేహితులిద్దరికీ చెడింది. ఆవిడ వాయించడం లేదురా, వత్తులు చేసుకుంటోంది అన్నారు ఈయన. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు.

ఆరోజు ముసురు. పొరుగింటి వీరదుర్గ పిండిగిన్నె కోసం హంగరీ ఆయన జోరుగా వాయిస్తుండగా, పెరట్లో పుల్లల దగ్గర సత్యానందం గారి భార్య సీతమ్మ గారిని రక్తపింజర కరిచింది. ఈయన పరిగెత్తుకెళ్ళేసరికి చీలమండ దగ్గర వాపు చూస్తుండగానే పైకి ఉరుకుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, లోపల రికార్డు తిరుగుతోందని. వెనక్కి పరిగెత్తి ముల్లు లేపారు.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే, బందరు నుంచి రావాలి, రోడ్డు మీద నీళ్ళున్నాయి అన్నారు.

"మోపిదేవి సామి పుట్టలో పాలు పోస్తానని మొక్కుకున్నాను బాబాయిగారూ. మీ ప్రభువు ఏమనుకోడుగా?" అంది వీరదుర్గ.

"ఈ పూట ఎవరూ ఏమీ అనుకోరమ్మా."

సత్యానందం గారు గుడివాడకి ఫోన్ చేశారు.

"చెప్పండి, సత్యానందం గారూ."

ఒకప్పుడు ఒరేయ్ అన్న నోరది. పాము సంగతి చెప్పి, "మీ ఇంగ్లీషావిణ్ణి వెయ్యరా," అన్నారు.

అవతల ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పెట్టేశారేమో అనుకున్నారు. అంతలో ముల్లు ఆనిన చప్పుడు, వెనకే ఆవిడ మొదటి మెట్టు.

ఫోన్ సీతమ్మ గారి కాలి పక్కన పెట్టారు. వాపు పాకడం మానలేదు గానీ, నెమ్మదించింది. అంబులెన్సులోనూ ఫోన్ అక్కడే. రికార్డు అయిపోయినప్పుడల్లా చలపతిరావు గారు మళ్ళీ మొదట్నుంచి పెట్టేవారు. ఆ కాస్త ఖాళీలో వాపు తన దారిన తను పైకి ఎక్కేది. పెడన దగ్గర సిగ్నల్ పోయింది. సత్యానందం గారు ఆ పాట తనే గొంతులో తియ్యబోయారు. తనకొచ్చింది హంగరీ ఆయన పరుగే. భయపడి నోరు మూసుకున్నారు. ఫోన్ మళ్ళీ మోగేదాకా సీతమ్మ గారి కాలి వంక చూడలేదు.

బందరు ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు ఎక్కించడం మొదలుపెట్టి, అదీ నింపాదిగా ఎక్కడం గమనించి, ఫోన్ వైపు చూసింది. "అది ఆపించండి. మందు పాకాలి."

"విషమూ పాకుతుంది కదమ్మా."

"పాకుతుంది. మందు ఇప్పుడే ఎక్కాలి."

సత్యానందం గారు ఫోన్ అందుకున్నారు. "ఆపరా."

"ఒరేయ్, నిజంగానా?"

"ఆపు."

ముల్లు లేచింది. ఇద్దరూ ఫోన్ పెట్టెయ్యలేదు. గొట్టంలో చుక్కలు పడుతున్నాయి. వాపు మోకాలి దాకా వచ్చింది. ఇంకాస్త ఎక్కుతుందనుకున్నారు. అక్కడే నిలబడింది.

సాయంత్రం సీతమ్మ గారు కళ్ళు తెరిచి, ఆయన చేతిలో వెలుగుతున్న ఫోన్ వంక చూశారు. అవతల ఎవరని అడగలేదు.

"అన్నయ్యగారు భోంచేశారో లేదో కనుక్కోండి."

లేదని ఫోన్లోంచే జవాబొచ్చింది.