గోరి దడుచుకోలేదు

దబ్.

పామాయిల్ గెల నేల మీద పడిన చప్పుడు. పొడవాటి గెడకు కట్టిన కత్తితో రాందాస్ కోస్తాడు. గెల పడిన చోట పండ్లు చెల్లాచెదురుగా రాలుతాయి. వాటిని వంగి ఏరడం అతని పెళ్లాం పూలి పని. అశ్వారావుపేట తోటల్లో ఇరవై ఏళ్లుగా ఇద్దరిదీ ఇదే బతుకు.

దబ్.

ఈసారి గెల పడలేదు. పూలి గుండె కొట్టుకుంది.

వంగితే చాలు... వస్తుంది. తల పగిలిపోతుంది. ఒళ్లంతా చెమట. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. చేతులు వణుకుతాయి — పండు పట్టుకోలేనంత. పావుగంట ఆడిస్తుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పోతుంది.

"మళ్ల దడుచుకున్నది," అంటారు తోటి ఆడవాళ్లు.

దడుచుకోవడమా? పూలి?

చెట్టు మొదట్లో కట్లపాము కనిపిస్తే కర్రతో అవతలికి విసిరేసి పండ్లు ఏరుకున్న మనిషి. తాగొచ్చిన మేస్త్రీని పదిమందిలో నిలబెట్టి కడిగేసిన మనిషి. ఆమెకు భయం లేదు.

ఒళ్లు మాత్రం భయపడుతోంది.

మూడేళ్లుగా ఎవరికి చెప్పినా ఒకటే మాట. తండాలో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఒక డాక్టర్ చెయ్యి కూడా పట్టుకుని చూడకుండా భయానికి బిళ్లలు రాసిచ్చాడు. పూలి తాయెత్తు ఉంచుకుంది. బిళ్లలు మింగింది. భయమని మాత్రం ఒప్పుకోలేదు.

ఎలా ఒప్పుకుంటుంది?

పూలి తల్లి పేరు గోరి. పూలికి పదేళ్లప్పుడు తునికాకు కోయడానికి అడవికి పోయింది. వంగి ఆకు కోస్తూ కోస్తూ పాలిపోయి, చెమటలు కక్కి, కోసిన ఆకు మీదే కూలిపోయింది. ఏదో చూసి దడుచుకుని చచ్చిందన్నారు. ఏం చూసిందో ఎవరికీ తెలియదు... అయినా అన్నారు. ఇప్పటికీ తండాలో ఏ పిల్లయినా జంకితే చాలు — "గోరి లెక్క జేస్తవేందే?"

తల్లి పేరు తిట్టయి మిగిలింది.

ఖమ్మంలో ఒక డాక్టరమ్మ బీపీ చూసింది. మామూలుగానే ఉంది. ఆమె వదల్లేదు. పూలిని వంగమంది. లేవమంది. మళ్లీ చూసింది. ఈసారి బీపీ ఎగబాకింది. తర్వాత ఒక తెల్ల డబ్బా చేతికిచ్చింది.

ఐదు లీటర్ల డబ్బా. అడుగున కాస్త యాసిడ్. ఒక పగలు, ఒక రాత్రి — మూత్రమంతా చెంబులో పట్టి అందులో పోయాలి. చాయ్ తాగకూడదు. అరటిపండు తినకూడదు. ఒక్కసారి తప్పినా మళ్లీ మొదటికే.

పూలికి నవ్వొచ్చింది. సిగ్గూ వచ్చింది. డబ్బాను గోనెలో చుట్టి ఇంటి వెనక దాచింది.

దాచడమే తప్పయింది.

సాయంత్రం చుట్టాలొచ్చారు. రాందాస్ డబ్బా చూశాడు. పరువు పోతుందనుకున్నాడు. మోరీలో పారబోశాడు.

"ఏం జేసినవయ్యా?"

"చుట్టాలు జూస్తే ఏమనుకుంటరే? ఉచ్చ దాచుకునుడేంది?"

"అండ్ల నా సాక్ష్యం ఉండె."

ఏడవలేదు పూలి. మర్నాడు మళ్లీ ఖమ్మం బస్సెక్కింది. మళ్లీ డబ్బా తెచ్చింది. ఈసారి గోనె చుట్టలేదు.

తండా నడిమధ్య నుంచి నడిచింది — డబ్బా చంకలో, తల పైకి. మరుసటి పొద్దున అలాగే తోటకు పోయే ట్రాక్టరెక్కింది. ఆడవాళ్లందరిలో పెద్ద నోరు కొండమ్మది. అడగకుండా ఉంటుందా?

"కల్లు తెచ్చినవా పూలీ?"

"ఉచ్చ. నాదే. తాగుతవా?"

ట్రాక్టరంతా గొల్లుమంది. పూలి కూడా నవ్వింది. తర్వాత చెప్పింది — "నాది భయమో రోగమో ఇదే చెప్తది." నవ్వులు ఆగాయి.

ఆ రోజంతా, పూలి చెంబు తీసుకున్నప్పుడల్లా, కొండమ్మ కొంగు పరిచి అడ్డం నిలబడింది. ఎవరో డబ్బా మీద తడిగోనె కప్పి నీడలోకి జరిపారు. మధ్యాహ్నం చాయ్ వచ్చింది. పూలి వద్దంది.

ఒక్క చుక్క పోలేదు.

తెల్లారి బస్సులో రాందాస్ డబ్బాను తన ఒళ్లో పెట్టుకున్నాడు.  ఖమ్మం దాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

రిపోర్టు వచ్చింది. స్కానింగ్ చేశారు.

కిడ్నీకి టోపీ పెట్టినట్టు ఒక చిన్న గ్రంథి ఉంటుందట. ఆపదలో పారిపోవడానికో, కొట్లాడడానికో సత్తువ పంపేది అదేనట. పూలి గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ. పులి లేకపోయినా... పాము లేకపోయినా... వంగి నొక్కుకుంటే చాలు, నెత్తుట్లోకి ఆ సత్తువను కుమ్మరిస్తుంది. గుండె పరుగెత్తుతుంది.

"నీది భయం కాదమ్మా, గడ్డ," అంది డాక్టరమ్మ. "లక్షల్లో ఒకరికి వస్తది. తీసెయ్యాలె. మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల ఉండెనా?"

పూలి కళ్ల ముందు తల్లి మెదిలింది.

తెల్లటి మొహం. చెమట. తునికాకు మీద వాలిన చెయ్యి.

"అవ్," అంది. "మా యాడికి." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

చనిపోయిన మనిషికి పరీక్ష చేయలేమంది డాక్టరమ్మ. కానీ అదే అయ్యుండొచ్చంది. కొన్ని ఇళ్లలో ఇది తల్లి నుంచి బిడ్డకు వస్తుందట. "నీ బిడ్డను కూడ తోల్కరా."

పూలికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల కోపం. బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. తండాలో అందరూ కూర్చునే చోట నిలబడింది.

"ఇనుండ్రి. మా యాడి దడుచుకోలే. ఆమె ఒంట్ల గడ్డ ఉండె. ఇగ ఆమె పేరు తిట్టు లెక్క తీసినోళ్ల ఇంటి ముంగట డబ్బా వట్టుకొచ్చి కూసుంట!"

ఒకరిద్దరు నవ్వబోయారు. పూలి వాళ్లవైపు తిరిగింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్. ఇంకా మూడు వారాలుంది. అందాకా బీపీ దించే బిళ్లలు. బల్ల మీద గుండె ఆగినా ఆగొచ్చని, సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. పూలి తనకు వచ్చిన నాలుగక్షరాలూ కూడబలుక్కుని రాసింది — గోరి బిడ్డ పూలి.

ఈ రోజు ప్రమీల వంతు.

పూలి కూతురు ప్రమీల. డిగ్రీ చదువుతోంది. అప్పుడప్పుడు తల పోటంటుంది... పరీక్షల బెంగ అనుకున్నారు. కాలేజీకి బయల్దేరి గుమ్మంలో ఆగింది. చేతిలో కొత్త తెల్ల డబ్బా.

"యాడీ... సంచిల పెట్టుకోనా?"

పూలి ఆ సంచి తీసుకుంది. దులిపింది. మడతపెట్టి దండెం మీద వేసింది.

ప్రమీల డబ్బా చంకన పెట్టుకుంది. తండా నడిమధ్య నుంచి నడిచింది.

దబ్.

తోటలో గెల పడిందో, గుండే కొట్టుకుందో... పూలి చూసుకోలేదు. బిడ్డ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.