పూలజడల మంగతాయారు భుజంలో ఏడేళ్లు

నేను ఒక లోహపు గుండుని. తిరుపతి గుండు కాదు, భుజం గుండుని. పువ్వుకున్నట్టే నాకూ కింద ఓ కాడ ఉంది. కడియం ఊళ్లో పూలజడలు కట్టే మంగతాయారు కుడి భుజం అరిగిపోతే, ఆ ఎముక తీసి నన్ను కూర్చోబెట్టారు. కీలులో కీలకం నేనేనని పొంగిపోయాను.

నిజానికి చెయ్యిని ఎత్తేది నేను కాదు, చుట్టూ ఉన్న కండరాలు. కోసి కుట్టిన ఆ కండరాలు అతుక్కునేదాకా ఆరు వారాలు చేతికి కట్టిన పట్టీ విప్పొద్దన్నారు. నాలుగో వారంలో ముహూర్తాలొచ్చాయి. "ఒక్క జడేగా" అని ఆవిడ విప్పేసింది. ఆ ఒక్కటీ పదకొండైంది. కండరం చిరిగింది. అది చేతులెత్తేసింది, నేను గూట్లో పక్కకి జరిగి చెయ్యిచ్చాను.

ఏటేటా చెయ్యి దిగిపోతుంటే పెళ్లికూతుళ్లూ దిగిపోయారు. కుర్చీ నుంచి పీటకి, పీట నుంచి చాపకి.

"చాప కింద గొయ్యి తవ్వించనా?" అన్నాడు భర్త భద్రయ్య. ఆవిడ నవ్వలేదు.

ఏడో ఏట డాక్టర్ శశికిరణ్ ఎక్స్‌రే చూశాడు. "దీన్ని తీసి తిరగేసిన కీలు పెడదామమ్మా. గుండు గూటి వైపు, గిన్నె చేతి వైపు. చిరిగిన కండరంతో పన్లేదు, భుజం మీది కండే ఎత్తుతుంది. కాకపోతే రెండోసారి కోత. చీము పట్టొచ్చు, కీలు జారొచ్చు. పైకి లేచినా వెనక్కి వెళ్లకపోవచ్చు."

"పెళ్లికూతురి నడినెత్తి దాకా లేస్తుందా?"

"చాలామందికి లేస్తుంది. మీకు లేస్తుందని రాసివ్వలేను."

"సరే. పాతది పారెయ్యకండి, నాకివ్వండి."

కొత్త కీలు పెట్టి, అడిగినట్టే నన్ను ఆవిడకిచ్చేశారు. ఈసారి పట్టీ ముడి భద్రయ్య వేశాడు. ఆరు వారాలూ కాపలా కాశాడు.

నాలుగో నెలలో హిమజ అనే పెళ్లికూతురొచ్చి, అందరిలాగే చాప మీద కూలబడింది.

"కుర్చీలో కూర్చో తల్లీ," అంది మంగతాయారు.

భద్రయ్య గుమ్మంలో ఆగిపోయాడు. చామంతి పట్టుకున్న చెయ్యి లేచింది. రొమ్ము దాటింది. గడ్డం దగ్గర ఆగింది. కింద పూలబుట్ట పక్కనుంచి నేను చూస్తున్నాను. ఆ ఎత్తులోనే కదా నేను ఓడిపోయింది. ఆవిడ పెదవి కొరుక్కుంది. చెయ్యి అంగుళం లేచింది, మరో అంగుళం. చామంతి హిమజ నడినెత్తిన కూర్చుంది.

"అయిపోయిందా అత్తా?"

"ఇప్పుడే మొదలైంది."

చెంగు వెనక్కి దోపుకోబోతే మాత్రం చెయ్యి నడుం పక్కనే ఆగిపోయింది. "ఏవండీ, కాస్త దోపండి."

"ఇక ఇదేనా నా ఉద్యోగం?" అంటూ దోపాడు భద్రయ్య, కళ్లు తుడుచుకుంటూ.

ఇదివరకు దారం బిగువుగా నిలవడానికి పూలదారం కొస ఆవిడ కాలి బొటనవేలికి కట్టుకునేది. ఇప్పుడు ఖాళీ పీట కింద నా కాడ ఇరికించి, ఆ కొస నా మెడకి కట్టింది. గట్టిగా లాగింది.

ఈసారి నేను కదల్లేదు.