కనేలో కూర్చున్న చోటు

"ఆ కుక్క ఇంట్లోకొస్తే నా సీసా ఎక్కడ దాచుకోమంటావురా?"

వారం రోజులుగా యులాలియా కొడుకు రమీరోని అడుగుతున్నది ఇదే. సీసాలో గంజాయి ఆకులు నానబెట్టిన స్పిరిట్ ఉంది. ఆమె తల్లీ, అమ్మమ్మా మోకాళ్ళకు రాసుకున్న మందే. సరిహద్దు పోలీసుల్లో చేరిన పదకొండేళ్ళుగా రమీరో దాన్ని చూడనట్టే మంచం పక్కనుంచి నడుస్తున్నాడు.

"మా కనేలో కుక్కకి ఈ రోజుతో డ్యూటీ అయిపోతుందమ్మా. ఇంకెక్కడికి పోతుంది?"

"పోలీసు కుక్కకి పోలీసు ఇల్లుంటుంది. నా ఇల్లెందుకు?"

"నేనూ పోలీసునేగా?"

"నిన్ను కన్నాను కాబట్టి భరిస్తున్నాను!"

అతని భార్య నీడియా పొయ్యి దగ్గర మిరపకాయలు కాలుస్తూ నవ్వాపుకుంది.

చెక్‌పోస్టు ఊరికి ఉత్తరాన, హైవే మీద ఉంది. అసలు సరిహద్దు అరవై మైళ్ళు వెనకే ఉండిపోయింది. దొంగచాటుగా దేశంలోకి వచ్చేవాళ్ళను పట్టుకోవడానికి పెట్టిన చోటది. ఊళ్ళో కొట్లో రంగురంగుల దీపాల కింద గంజాయి అమ్ముతారు, రాష్ట్రం ఒప్పుకుంది కనక. ఈ చెక్‌పోస్టులో మాత్రం కేంద్రం చట్టం, అందులో గంజాయి నేరం. కనేలోకి ఈ తేడా ఎవరు చెబుతారు? గంజాయి వాసన తగిలితే కూర్చుంటుంది, బహుమానంగా చుట్టిన తువ్వాలు విసిరితే ఎగిరి గంతులేస్తుంది. దాని ఉద్యోగమంతా ఆ తువ్వాలు కోసమే.

మధ్యాహ్నం కనేలో ఒక పాత ట్రక్కు పక్కన తోక ఊపుతూ కూర్చుంది. లోపల ఉల్లి పొలాల్లో పనిచేసే ముసలాయన. సీటు కింద వేలెడంత డబ్బాలో గంజాయి లేపనం దొరికింది.

"ఊళ్ళో కొట్లో కొన్నదే, రసీదు ఉంది బాబూ."

"మాకు రసీదు చెల్లదు పెద్దయ్యా," అన్నాడు రమీరో.

ముసలాయన తుపాకులు కట్టుకుని నిలబడ్డ ఐదుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. "ఇంతమందీ నా మోకాళ్ళ కోసమేనా?"

అందరూ నవ్వారు, ముసలాయన కూడా. రమీరో డబ్బా మూత తీశాడు. అమ్మ మంచం వాసన. చెత్తబుట్టలో పడేసి, చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ట్రక్కు దిగి నిలబడ్డ ముసలాయన మళ్ళీ ఎక్కడానికి తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాడు. రమీరో వెళ్ళి మోచేయి పట్టి ఎక్కించాడు. ఆ తర్వాత లోపలికెళ్ళి పై అధికారిని కలిసి వచ్చాడు.

సాయంత్రం కనేలోను ఇంటికి తెచ్చాడు. అది గడప దాటి, వంటింట్లో మాంసం పెనం వైపు కూడా చూడకుండా, తిన్నగా యులాలియా మోకాళ్ళ ముందుకెళ్ళి కూర్చుంది. ఆమె రెండు చేతులూ పైకెత్తింది.

"అరెస్టా?"

నీడియా ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. కూతురు ఇట్సెల్ కుర్చీలోంచి జారిపోయింది.

"కాదమ్మా. దొరికింది, తువ్వాలివ్వమంటోంది."

యులాలియా కాసేపు కుక్క కళ్ళలోకి చూసింది. అది తోకతో నేలను కొడుతూనే ఉంది. రొట్టెల మీది గుడ్డ లాగి, చుట్టి, విసిరింది. కనేలో గాల్లోనే అందుకుని వంటిల్లంతా చుట్టేసింది.

"రోజూ ఇంత సంబరపడేవాడు ఈ ఇంట్లో ఒకడుండాలిలే," అంది యులాలియా. "సీసా మాత్రం ఉన్నచోటే ఉంటుంది."

అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక, రమీరో రొట్టె తుంచుతూ మెల్లగా చెప్పాడు.

"సోమవారం నుంచి నది దగ్గర గస్తీకి వెళ్తున్నా. ఆ చెక్‌పోస్టులో ఇక నిలబడను."

యులాలియా అతని కంచంలో ఇంకో రొట్టె వేసింది.

హైవే మీద, చెక్‌పోస్టు గోడ కొక్కేనికి కనేలో తోలు పట్టీ వేలాడుతోంది. లారీ వెళ్ళినప్పుడల్లా కాస్త ఊగుతోంది.