జోడీ కూలి

ముక్కులోంచి జారిన మొదటి రక్తపు చుక్కను ఆమె నాలుకతోనే అందుకుని మింగేసింది. రెండు చేతుల్లోనూ దుప్పటి అంచులున్నాయి, తుడుచుకునే వీలు లేదు. అవతలి అంచులు పట్టుకున్న తోడికోడలు ఒక్క విదిలింపుతో దుప్పటిని బిగించింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి, అంచుకు అంచు కలిపి, మళ్లీ వెనక్కి నడిచారు. వెనక ఇస్త్రీ రోలరు వేడివేడి దుప్పట్లను కక్కుతూనే ఉంది. ఊళ్లోని పెద్ద హోటళ్ల పక్కబట్టలన్నీ ఈ లాండ్రీకే వస్తాయి.

"మళ్లీనా?" అంది తోడికోడలు, దగ్గరికొచ్చినప్పుడు.

"ఆగిపోతుందిలే అక్కా."

"వేలికి రాసిన ఆ మాత్రలు నీకు వేడి చేశాయే. ఇంటికెళ్లగానే బార్లీ నీళ్లు కాచిస్తా, తాగి పడుకో."

పొద్దున పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి కూడా వచ్చింది. నిన్నటికే, ఎక్కడా తగలకుండానే మోచేతి కింద అరచేయంత మేర నల్లగా కమిలింది. ఆమె దాన్ని ఎవరి చేయో చూసినట్టు చూసి, జాకెట్టు చేయి కిందికి లాక్కుంది. నిరుడు గుండెకు ఆపరేషన్ చేసి, పాడైపోయిన కవాటం తీసి లోహపుది పెట్టినప్పటి నుంచీ ఆమె వరస ఇదే. చెప్పిన పని చేస్తుంది, పెట్టింది తింటుంది, ఏదీ మనసుకు అంటదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఆమె ఛాతీలోంచి టిక్కు టిక్కుమని వినబడుతుంది. గోడ గడియారం కొనే పని తప్పిందని తోడికోడలు ఆటపట్టిస్తే, నవ్వాలి కాబట్టి నవ్వుతుంది.

ఆ కవాటం దగ్గర రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకోవాలి. దాని బలం తగ్గితే కవాటం పట్టేస్తుంది, పెరిగితే కారే రక్తం ఆగదు. "ఏ కొత్త మందు మింగాల్సొచ్చినా ముందు మాకు చెప్పమ్మా. కొన్ని మందులు దీని బలాన్ని పెంచేస్తాయి. అప్పుడు రక్త పరీక్ష చేసి, ఎంత వేసుకోవాలో మేం చెబుతాం. నీ అంతట నువ్వు ఆపొద్దు, నీ అంతట నువ్వు కలపొద్దు" అని పెద్దాసుపత్రి నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

చెప్పింది గుర్తుంది. గుర్తుండి ఏం లాభం? పోయిన వారం రోలరు అంచుకు వేలు చీరుకుపోయి చీము పట్టింది. సూపర్‌వైజరే దగ్గరుండి వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్లాడు. ఎంత దయ! పనివాళ్లను డాక్టరు దగ్గర ఒంటరిగా వదిలితే విశ్రాంతి రాయించుకుంటారని అతని దిగులు. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అని డాక్టరు ఆమెనే అడిగాడు. "ఏమీ లేవండీ, గుండ్రాయిలా ఉంటుంది" అని సూపర్‌వైజరు జవాబు చెప్పేశాడు. ఆపరేషన్లయిన వాళ్లను లాండ్రీలో ఉంచుకోరు. ఆమె నోరు మెదపలేదు. డాక్టరు చీముకు యాంటీబయాటిక్ మాత్రలు రాశాడు. ఆ రోజు నుంచి అవీ, గుండె మాత్రా రెండూ ఆమె కడుపులోకే పోతున్నాయి.

చెయ్యి కమిలిన సంగతి నిన్న సాయంత్రం పెద్దాసుపత్రికి ఫోన్ చేసి చెబితే, వెంటనే రమ్మన్నారు. ఆమె రాలేనని చెప్పలేదు, వస్తాననీ చెప్పలేదు.

"పోనీ, ఆ రక్తం పల్చబడే మాత్ర నాలుగు రోజులు ఆపెయ్" అంది తోడికోడలు.

"అది ఆపితే కవాటం ఆగుతుందక్కా."

"అయితే ఆదివారం దాకా ఓర్చుకోవే. నేనే తీసుకెళతా."

తోడికోడలు చెడ్డది కాదు. ఆపరేషన్ రోజుల్లో మంచం పక్క నుంచి కదలకుండా కాపాడుకున్నది ఆమే. కానీ లాండ్రీలో దుప్పట్లు మడిచేవాళ్లది జోడీ కూలి. ఇద్దరూ వస్తేనే ఇద్దరికీ కూలి. ఒకరు మానితే రెండో మనిషి గేటు దగ్గర నుంచే వెనక్కి తిరగాలి. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడు ఎవడో గాని గట్టివాడు. కాపలాకు జీతగాణ్ణి పెట్టుకునే పని లేకుండా, అక్క మీద చెల్లెల్నీ చెల్లెలి మీద అక్కనీ కాపలా పెట్టాడు. బావగారికి పని పోయినప్పటి నుంచి తోడికోడలి కూలి మీదే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అది తెలిసి ఆమె ఎలా మానుతుంది?

ఈసారి రక్తం నాలుకకు అందలేదు. టపటపా దుప్పటి మీద పడింది. ముక్కును చేత్తో మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి కారింది. వాసన పట్టినట్టు సూపర్‌వైజరు వచ్చేశాడు.

"కళ్లు కనబడట్లేదా? సాయంత్రానికి హోటలు లారీ వస్తుంది. దాన్ని చన్నీళ్లలో పడేసి ఇంకోటి అందుకోండి."

"నేను ఆసుపత్రికెళ్లాలి" అంది ఆమె.

"ముక్కులోంచి కాస్త కారితే ఆసుపత్రా?"

"నా గుండెలో కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నాను. మీరిప్పించిన మాత్రలతో కలిసి అది ఎక్కువైపోయింది. ఇప్పుడే వెళ్లాలి."

అతను దుప్పటి వైపు వేలు చూపించాడు. "ఇన్నాళ్లూ దాచిపెట్టావన్నమాట. సరే, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు లారీ పంపాలి, పట్టుకో."

"నేను పట్టుకోను" అంది ఆమె, అంచులు వదిలేస్తూ.

సూపర్‌వైజరు తోడికోడలి వైపు తిరిగాడు. "నువ్వయినా చెప్పవమ్మా. దాంతోపాటు నీ కూలీ పోతుంది. రేపు నీకు జోడీ ఎక్కడి నుంచి తెస్తాను?"

రోలరు దగ్గర దుప్పట్లు కుప్ప పడుతున్నాయి. పక్క జోడీలు పని ఆపి చూస్తున్నాయి. తోడికోడలు తన చేతిలోని అంచులనూ, చెల్లెలి గడ్డం మీదుగా కారుతున్న రక్తాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో కోపం ఉంది. అది ఎవరి మీదో ఆమెకే తేల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"వేడి చేసిందనుకున్నానే" అంది చివరికి. తర్వాత అతనితో అంది, "మమ్మల్ని జోడీ కట్టింది మీరే కదయ్యా. అది పోతే నేనూ పోతాను."

ఉతికిన తువ్వాలు ఒకటి దొంతరలోంచి లాగి చెల్లెలి ముక్కుకు అదిమింది. కంపెనీ తువ్వాలని అతను అరుస్తూనే ఉన్నాడు. ఇద్దరూ గేటు దాటారు.

బస్టాపులో నీడ లేదు. ఆమె ముందుకు వంగి కూర్చుంది. తువ్వాలు మడత మార్చిన చోటల్లా ఎర్రబడుతోంది. ఆమె తోడికోడలి చేతిని గట్టిగా పట్టుకుంది.

"అక్కా, నాకు చచ్చిపోవాలని లేదు. భయమేస్తోంది."

తోడికోడలు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు మలుపు వైపు చూసింది. బస్సు ఇంకా రాలేదు.