ఏరు కలిసే చోట కొమ్మలు

దక్షిణపు గాలి మధ్యాహ్నం నుంచి మొదలైంది. మార్చి నెలలో ఆ గాలి రాకూడదు. వస్తే సరస్సు మీది మంచు పైపైన కరిగి, మంచుగడ్డ మీద పలచని నీటిపొర నిలుస్తుంది. గెర్ అనే గుండ్రటి గుడారపు ఇంటి గుమ్మంలో నిలబడిన ఉయాంగా ఆ నీటి మెరుపును చూస్తూ చేతిలోని పాలగిన్నె సంగతే మరిచిపోయింది.

"ఏమే, పాలు చల్లి రమ్మంటే గుమ్మానికి కాపలా కాస్తున్నావా?" అంది లోపలినుంచి తల్లి ఛిమ్గే. "అమ్మకి చల్లి దణ్ణం పెట్టుకో. ఈపాటికి మీ నాన్న గడ్డ మీదికి దిగే ఉంటాడు."

ఆ తీరంలో ఎవరూ సరస్సును పేరు పెట్టి పిలవరు. అమ్మ అనే అంటారు. చలికాలమంతా పిండి బస్తాలూ, కలప దుంగలూ, రోగులూ ఆ అమ్మ వీపు మీదుగానే అటూ ఇటూ దాటుతాయి. లారీలకు దారి తెలిసేందుకు గడ్డలో గుంటలు పొడిచి దేవదారు కొమ్మలు నాటుతారు. ఉయాంగా పుట్టకముందు నుంచీ అది తండ్రి జమ్‌స్రాన్ పని. ఈ ఏడు సరస్సు గడ్డకట్టే రోజుల్లోనే అతను గుర్రం మీదినుంచి పడ్డాడు. విరిగిన కాలితో, ఒడ్డు చుట్టి పోయే జీపులో ఎదుటి ఒడ్డు ఆసుపత్రికి వెళుతూ గునపాన్ని పదిహేడేళ్ల కూతురి చేతికిచ్చాడు.

"ఏరు కలిసే చోటికి దూరంగా, పెద్ద వంపు తిప్పి నాటు," అన్నాడు. అంతకుమించి చెప్పవలసిన అవసరం అతనికి తోచలేదు. అడుగున పారే ఏటినీరు గడ్డను లోపలినుంచి తినేస్తుందని ఆ తీరంలో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలుసు.

ఉయాంగాకూ తెలుసు. అయినా ఆమె వంపు తిప్పలేదు. కొమ్మలను తిన్నగా, ఏరు కలిసే చోటి మీదుగానే నాటింది. అప్పటి చలికి అక్కడ కూడా గునపం రాతిని కొట్టినట్టు మోగింది. ఆ దారిన వచ్చే లారీ తమ గుమ్మం ముందునుంచే పోతుంది. ఆ లారీ నడిపేది తుగుల్దుర్.

"దారి మీ ఇంటి ముందుకొచ్చిందేంటి?" అని అడిగాడతను, మొదటిసారి లారీ ఆపినప్పుడు. "మీ నాన్నకి నా లారీ పొగ మీద మోజు పుట్టిందా?"

"నాన్నే ఇలా వెయ్యమన్నాడు," అంది ఉయాంగా.

"పెద్దాయన మాట కాదంటానా? రోజూ పొగ పెట్టే పోతాలే."

అన్నట్టే ఆగేవాడు. ఒకనాడు ఇంజనుకు నీళ్లు కావాలి, ఒకనాడు తనకు ఉప్పు టీ కావాలి, ఇంకోనాడు ఏమీ అక్కర్లేదు. గడ్డిమైదానాల నుంచి కోడలిగా వచ్చిన ఛిమ్గేకు గడ్డ మర్మం పట్టదు కనుక, దారి సంగతి ఆమె అడగలేదు. చలి విరిగేలోపు కొమ్మలు మార్చేద్దామనుకుంది ఉయాంగా. చలి విరిగేది ఏప్రిల్‌లో కదా అని రోజులు జరిపింది.

ఇప్పుడు జమ్‌స్రాన్ తిరిగి వస్తున్నాడు, తుగుల్దుర్ లారీలోనే. సరస్సు నడుమ ఫోన్ పలకదని తెలిసినా రెండుసార్లు చేసి చూసింది. తర్వాత పాలగిన్నె కింద పెట్టి గునపం అందుకుంది.

"ఎక్కడికే?"

"ఒక కొమ్మ వాలింది, సరిచేసి..." అని ఆగిపోయింది. "కాదమ్మా. నాన్న చెప్పినట్టు నాటలేదు నేను. దారిని ఏటి మీదుగా వేశాను."

పిండి పిసుకుతున్న ఛిమ్గే చేతులు నిలిచిపోయాయి. "ఎందుకే?"

ఉయాంగా గునపం భుజానికెత్తుకుంది. తల్లి చూపు తెరిచిన తలుపు దాటి, గుమ్మం ముందు లోతుగా పడిన లారీ చక్రాల గాడి మీద వాలింది. "పరిగెత్తు," అంది. "ఏటివైపు పోకు. చుట్టు తిరిగి పో."

అసలు వంపు ఎక్కడ ఉండవలసిందో ఆ దారినే ఉయాంగా పరిగెత్తింది. చలి బిగిసినప్పుడు గడ్డ తుపాకులు పేల్చినట్టు పేలుతుంది. ఆ మోతే దాని బలం. ఈ సాయంత్రం అది ఒక్క చప్పుడూ చేయడం లేదు. పాదాల కింద నీరు మాత్రం పెదవులు చప్పరించినట్టు వినబడుతోంది.

మసక వెలుతురులో లారీ దీపాలు కనబడేసరికి ఆమె కొమ్మల వరుసకు అడ్డంగా నిలబడి గునపాన్ని రెండు చేతులా పైకెత్తింది. బ్రేకు పడింది కాని తడిగడ్డ మీద చక్రాలు నిలవలేదు. లారీ పక్కవాటుగా జారి, ఆమెకు చేరువలో ఆగింది. గడ్డ మీద ఎవరైనా చేసినట్టే రెండు తలుపులూ తెరిచే ఉంచారు, దూకవలసివస్తే దూకడానికి.

"చూశారా మామా, ఎదురొచ్చి నిలబడింది!" అన్నాడు తుగుల్దుర్. "ఈ స్వాగతం మీకో, నాకో తేల్చుకోవాలి."

జమ్‌స్రాన్ నవ్వలేదు. కర్ర ఊతంగా దిగి, ముందున్న కొమ్మల వరుసను చూశాడు. "ఇవి ఎటు పోతున్నాయి తల్లీ?"

"ఏటి మీదికి. నేనే వేశాను నాన్నా."

"మీ నాన్నే వెయ్యమన్నాడన్నావుగా," అన్నాడు తుగుల్దుర్.

"అబద్ధం చెప్పాను."

"నిన్న మా అక్క పిల్లల్ని ఈ దారినే తీసుకొచ్చాను." అతని గొంతులో వేళాకోళం ఏ మూలా లేదు. "నా ఒళ్లోనే కూర్చున్నారు ఇద్దరూ."

అంతలో ఒడ్డు దగ్గరి కొమ్మ ఒకటి మెల్లగా పక్కకు ఒరిగింది. ఎవరో కిందినుంచి చేత్తో లాక్కున్నట్టు, చప్పుడు లేకుండా దిగిపోయింది. దాని వెనకది కూడా.

"వెనక్కి తిప్పేద్దామా మామా?" అన్నాడు తుగుల్దుర్.

"వచ్చిన దారిలోనూ నీళ్లు ఊరుతున్నాయి. చీకటి పడకముందే ఒడ్డెక్కాలి." జమ్‌స్రాన్ కూతురివైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఆమెకు ఇంతకంటే తేలికగా ఉండేది. "దారి వేసినదానివి నువ్వు. నడు. మేం నీ వెనక వస్తాం."

ఉయాంగా తాను పరిగెత్తి వచ్చిన వంపు మీదుగా నడక మొదలుపెట్టింది. అడుగుకొకసారి గునపం దించి, దాని మోత విని, ఆపైనే కాలు వేసింది. వెనక లారీ అంతే నెమ్మదిగా, తెరిచిన తలుపులతో పాకుతూ వచ్చింది. తిరిగి చూస్తే తుగుల్దుర్ ముఖం కనబడుతుందని ఆమె తిరగలేదు.

కొంతదూరం పోయాక గునపం మోగలేదు. మెత్తగా దిగి, పైకి తీసినప్పుడు నల్లటి నీళ్లు దాని వెంట వచ్చాయి.

ఆమె చెయ్యి ఎత్తింది. లారీ ఆ క్షణమే ఆగింది. ఒడ్డున తల్లి వెలిగించిన దీపం వైపు ఒక్కసారి చూసి, ఉయాంగా గట్టి గడ్డ కోసం ఆ దీపానికి ఇంకా దూరంగా, సరస్సు లోపలికి తిరిగింది.